కార్బురేటర్ తీసి ఇంజెక్షన్ పెడితే: పాత బండిలో నిజంగా మారేది ఏమిటి?

కార్బురేటర్ విప్పి బల్ల మీద పెడితే ఒక్క వైరు కూడా కనిపించదు. ఒక గిన్నె, అందులో తేలే ఫ్లోట్, రెండు మూడు ఇత్తడి జెట్‌లు, ఒక స్లైడు, దాని నుంచి వేలాడే సూది. ఇంజిన్ ఎంత గాలి పీలుస్తోందో కొలవడం, దానికి తగ్గ పెట్రోలు పోయడం, ఈ రెండు పనులూ కరెంటు ఊసే లేకుండా ఇది చేసేస్తుంది. పాత బండికి ఇంజెక్షన్ పెట్టాలనుకునేవాళ్లు ముందు ఈ విషయం మనసులో పెట్టుకోవాలి. ఇంజెక్షన్‌లో కొలిచే సెన్సర్లు వేరు, లెక్క కట్టే ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ వేరు, పెట్రోలు పోసే ఇంజెక్టర్ వేరు. వీటి మధ్య కబుర్లు మోసేవి వైర్లు. అన్నింటికీ తిండి పెట్టేది బ్యాటరీ.

అందుకే, కిట్ తెచ్చి నాలుగు బోల్టులు బిగిస్తే అయిపోతుందనుకున్న పని నెలల తరబడి సాగుతుంది. సగంలో ఆగిపోయిన బండ్లు చాలానే చూశాను. కార్బురేటర్ స్థానంలో వచ్చి గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ సరిపోక ఆగినవి వాటిలో దాదాపు లేవు. కరెంటు చాలకో, పెట్రోలు సరిగ్గా అందకో, క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఎక్కడుందో చెప్పే సిగ్నల్ శుభ్రంగా రాకో ఆగిపోయినవే అన్నీ. కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ మూడింటికే.

కార్బురేటర్ ఎక్కడ తడబడుతుంది

కార్బురేటర్‌లో సన్నబడే దారిని వెంచురీ అంటారు. ఆ గొంతులోంచి గాలి వేగంగా వెళ్తే అక్కడ పీడనం పడిపోతుంది. గిన్నెలోని పెట్రోలు మీద మాత్రం బయటి గాలి పీడనం అలాగే ఉంటుంది. ఆ తేడాయే పెట్రోలును జెట్‌లోంచి పైకి తోస్తుంది. గాలి ఎక్కువగా వెళ్తే పెట్రోలూ ఎక్కువే వస్తుంది. చక్కటి ఏర్పాటు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, కార్బురేటర్‌కు గాలి బరువు తెలియదు. అంతే పీడన తేడాకు పలచటి గాలి తక్కువ బరువు వెళ్తుంది. జెట్‌లోంచి వచ్చే పెట్రోలు మాత్రం తగ్గదు. సముద్ర మట్టం నుంచి 3000 మీటర్ల ఎత్తుకు వెళ్తే గాలి సాంద్రత సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. లెక్క వేస్తే మిశ్రమం దాదాపు 16 శాతం రిచ్ అవుతుంది, అంటే గాలికి తగినదాని కన్నా పెట్రోలు ఎక్కువవుతుంది. కొండెక్కిన బండి నల్లటి పొగ వదులుతూ, ప్లగ్ మసిబారి ఈడ్చుకుంటూ నడవడానికి కారణం ఇదే. పొద్దుటి చలికీ మధ్యాహ్నపు ఎండకీ మధ్య కూడా ఇదే జరుగుతుంది, తక్కువ మోతాదులో.

ఇంధనం మారినా తేడా వస్తుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. అందులో 10 శాతం ఇథనాల్ కలిస్తే 14.1 గ్రాములు చాలు. అంటే అదే గాలికి కాస్త ఎక్కువ ఇంధనం పోయాలి. పాత జెట్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి మిశ్రమం నాలుగు శాతం దాకా లీన్ వైపు, అంటే ఇంధనం తక్కువ వైపు, జరుగుతుంది.

ఇంత చెప్పాక కార్బురేటర్ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. జెట్‌లు సరిగ్గా కుదిరిన మంచి కార్బురేటర్ ఉన్న బండికి, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజెక్షన్ వల్ల పెద్దగా పవర్ పెరగదు. లాభమంతా మిగతా చోట్ల: చలిలో స్టార్ట్ కావడం, సగం థ్రాటిల్‌లో నిలకడగా నడవడం, ఎత్తు మారినా స్క్రూడ్రైవర్ తీయనక్కర లేకపోవడం, మైలేజీ. కంప్రెషన్ పోయిన ఇంజిన్, అరిగిన వాల్వ్ గైడ్‌లు, పగిలిన ఇన్‌టేక్ రబ్బరు, బలహీనమైన స్పార్క్, వీటిలో ఒక్కదాన్నీ ఇంజెక్షన్ బాగు చేయదు. అరిగిన కార్బురేటరే మీ సమస్య అయితే కొత్త సూది, కొత్త జెట్‌లు వేయించుకోండి. ఒక్క రోజులో తేలిపోయే పని అది.

ఈసీయూ కట్టే లెక్క

మోటార్‌సైకిళ్లకు ఇది కొత్తేమీ కాదు. కవాసకీ 1980లోనే జెడ్1000హెచ్‌లో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. 1982లో హోండా సీఎక్స్500 టర్బో, 1983లో బీఎండబ్ల్యూ కె100 వచ్చాయి. ఇంట్లో కూర్చుని చేసుకునేవాళ్లకు దారి తెరిచింది మాత్రం 2001 ప్రాంతంలో వచ్చిన మెగాస్క్వర్ట్ అనే సొంతంగా కట్టుకునే ఈసీయూ. ఇప్పుడు ఆర్డ్యునో మెగా బోర్డు మీద నడిచే స్పీడూయినో లాంటి ఓపెన్ సోర్స్ ఈసీయూలు కూడా ఉన్నాయి.

పెట్టె ఏదైనా లోపల జరిగేది ఒకే లెక్క. 350 సీసీ సింగిల్ సిలిండర్ తీసుకుందాం. ఫుల్ థ్రాటిల్‌లో సిలిండర్ 80 శాతం నిండుతుందనుకుంటే లోపలికి వెళ్లేది 280 సీసీ గాలి. లీటరు గాలి దాదాపు 1.2 గ్రాములు తూగుతుంది కాబట్టి ఈ గాలి బరువు 0.33 గ్రాముల పైచిలుకు. పవర్ కోసం 13కి 1 పాళ్లలో పెట్రోలు పోస్తే 26 మిల్లీగ్రాములు, అంటే 0.035 మిల్లీలీటర్లు. మామూలు నీటి చుక్క కన్నా తక్కువ. నిమిషానికి 130 సీసీ పోసే ఇంజెక్టర్ ఆ మోతాదు ఇవ్వడానికి 16 మిల్లీసెకన్లు తెరిచి ఉండాలి.

5500 ఆర్‌పీఎం దగ్గర ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఒక చక్రం పూర్తి చేయడానికి పట్టేది 22 మిల్లీసెకన్లు. అందులో 16 తెరిచే ఉంటే సుమారు 73 శాతం. 80, 85 శాతం దాటనివ్వకూడదన్నది మామూలుగా పాటించే హద్దు కాబట్టి ఇది సరిపోయింది. ఇదే చోట 300 సీసీ ఇంజెక్టర్ పెడితే ఫుల్ థ్రాటిల్‌లో ఇబ్బంది లేదు కానీ, స్లో రన్నింగ్‌లో రెండు మిల్లీసెకన్ల లోపే పని ముగించాలి. అంత చిన్న సమయాన్ని ఇంజెక్టర్ ప్రతిసారీ ఒకేలా పాటించలేదు. పెద్దది పెడితే పవర్ పెరుగుతుందని ఆశపడేవాళ్లు ముందు స్లో రన్నింగ్ పోగొట్టుకుంటారు.

సిలిండర్ ఎంత శాతం నిండుతోందో ఈసీయూకు చెప్పే పట్టికే వీఈ టేబుల్. ఒకవైపు ఆర్‌పీఎం, ఇంకోవైపు లోడ్. లోడ్ తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. థ్రాటిల్ ఎంత తెరిచారో చూడడం ఒకటి, ఇన్‌టేక్‌లోని పీడనాన్ని మ్యాప్ సెన్సర్‌తో చూడడం ఇంకొకటి. మొదటిది తేలిక, కానీ గాలి పలచబడిందన్న సంగతి దానికి తెలియదు. బయటి గాలి పీడనం చూసే సెన్సర్ వేరుగా పెట్టాల్సిందే.

రెండోది కచ్చితమైనదే, అయితే సింగిల్ సిలిండర్‌లో ఆ పీడనం నిలకడగా ఉండదు. పీల్చినప్పుడు ఒక్కసారిగా పడిపోయి, తర్వాత నెమ్మదిగా బయటి పీడనానికి చేరుకుంటుంది. ఎప్పుడంటే అప్పుడు చదివితే ప్రతిసారీ వేరే అంకె వస్తుంది. అందుకని ఒక చక్రంలో వచ్చిన అతి తక్కువ విలువనే తీసుకునేలా ఈసీయూకు చెప్పాలి. పీడనం పడిపోయే ఆ క్షణం ఇంకో పనికీ పనికొస్తుంది. పిస్టన్ పైకి వచ్చింది కంప్రెషన్ కోసమా, ఎగ్జాస్ట్ కోసమా అన్నది దాన్ని బట్టి కొన్ని ఈసీయూలు తేల్చుకుంటాయి.

ముందు కరెంటు సంగతి చూడండి

పెట్రోలు పంపు రెండు నుంచి నాలుగు ఆంపియర్లు లాగుతుంది. పొగ గొట్టంలో పెట్టే ఆక్సిజన్ సెన్సర్ హీటర్‌కు ఒక ఆంపియర్ పైనే కావాలి. ఈసీయూ, ఇంజెక్టర్, రిలేలు కలిపి మరొకటి. మొత్తం 60 నుంచి 80 వాట్లు, బండి నడుస్తున్నంత సేపూ. చాలా పాత బండ్లలో ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే మాగ్నెట్, దాని కాయిల్ ఇచ్చేదే వంద వాట్ల అటూ ఇటూ. అందులోనూ పెద్ద భాగం ఏసీగా నేరుగా హెడ్‌లైటుకు పోతుంది. బ్యాటరీ చార్జింగ్‌కు మిగిలేది హారన్‌కీ ఇండికేటర్లకీ సరిపోయేంత. ఆ బండికి పంపు తగిలిస్తే అరగంట బాగానే నడుస్తుంది. తర్వాత వోల్టేజీ దిగజారి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది. తప్పు ట్యూనింగ్‌దని అనుకుని ల్యాప్‌టాప్ తెరుస్తాం.

కాబట్టి కిట్ కొనే ముందే బ్యాటరీ టెర్మినల్స్ మీద మీటర్ పెట్టండి. హెడ్‌లైటు వేసి, బ్రేక్ లైటు నొక్కి పట్టి, స్లో రన్నింగ్‌లో ఎంత చూపిస్తోందో రాసుకోండి. 13 వోల్టులు కూడా లేకపోతే ముందు చార్జింగ్ పని చూసుకోవాలి. పాత కాయిల్‌లో ఒక చివర బాడీకి ఎర్త్ అయి ఉంటే దాన్ని విడదీసి, ఫుల్ వేవ్ రెక్టిఫయర్ రెగ్యులేటర్ పెట్టి, మొత్తం కరెంటును డీసీ చేసుకోవచ్చు. బల్బులు ఎల్‌ఈడీకి మారిస్తే ఇంకొంత మిగులుతుంది. 6 వోల్టుల బండి అయితే ముందు 12కి మార్చాలి, అదే ఒక ప్రాజెక్టు.

వోల్టేజీ ఊగితే మిశ్రమమూ ఊగుతుంది. కరెంటు అందగానే ఇంజెక్టర్ తెరుచుకోదు, సూది లేవడానికి ఒక మిల్లీసెకను దాకా పడుతుంది. వోల్టేజీ పడిపోతే ఇంకా ఆలస్యం. ఆ ఆలస్యం అర మిల్లీసెకను పెరిగిందనుకోండి. ఫుల్ థ్రాటిల్‌లో 16కి అర ఎవరికీ తెలియదు. స్లో రన్నింగ్‌లో తెరిచి ఉండేదే నాలుగైదు మిల్లీసెకన్లు కాబట్టి అక్కడ పది శాతం పెట్రోలు తగ్గిపోతుంది. హారన్ కొడితే ఇంజిన్ తడబడే బండి రహస్యం ఇదే. వోల్టేజీని బట్టి ఆ ఆలస్యాన్ని సరిదిద్దే చిన్న పట్టిక ప్రతి ఈసీయూలోనూ ఉంటుంది. దాన్ని అంచనాగా కాకుండా మీ ఇంజెక్టర్‌కు తగ్గట్టు నింపాలి.

ఇంకో నష్టాన్ని ముందే ఒప్పుకోవాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చినా, స్పార్క్ మాగ్నెట్ నుంచే వచ్చే కార్బురేటర్ బండిని కిక్ కొట్టి ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇంజెక్షన్ పెట్టాక ఆ ధీమా పోతుంది.

పెట్రోలు లైను

ట్యాంకు నుంచి కార్బురేటర్‌కు పెట్రోలు తన బరువుకే దిగుతుంది. 30 సెంటీమీటర్ల ఎత్తు పెట్రోలు ఇచ్చే పీడనం 0.02 బార్. ఇంజెక్టర్ అడిగేది మామూలుగా 2.5 నుంచి 3 బార్. వంద రెట్ల పైనే. పాత పైపు, పాత క్లిప్పు, పాత పెట్రోల్ కాక్, ఏదీ ఈ పీడనానికి తయారైనది కాదు.

పైపుతోనే మొదలుపెడదాం. పంపు నుంచి ఇంజెక్టర్ దాకా ఇంజెక్షన్ కోసం చేసిన పైపే వాడాలి. ఎస్‌ఏఈ జే30ఆర్9 అని దాని మీద ముద్ర ఉంటుంది. కోసుకుపోయే పళ్ల క్లిప్పులు కాకుండా, అంచు వంపు తిరిగి చుట్టూ సమానంగా నొక్కే క్లాంపులు వాడండి. ఇక్కడ పొదుపు చేయొద్దని నేను బతిమాలి చెబుతాను. 3 బార్ల దగ్గర పైపు చిట్లితే పెట్రోలు కారదు, పొగమంచులా చిమ్ముతుంది, అదీ వేడి సిలిండర్ పక్కన. ఇంజిన్ ఆగిన రెండు మూడు సెకన్లలో పంపు ఆగిపోయేలా రిలేను ఈసీయూ చేతిలోనే పెట్టాలి. బండి పడిపోతే పంపును ఆపే టిల్ట్ స్విచ్ కూడా పెట్టండి.

పంపు ట్యాంకు లోపల ఉంటే అన్నిటికన్నా మంచిది, పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. కానీ పాత ట్యాంకు అడుగున అంత చోటు ఉండదు. బయట పెట్టాల్సి వస్తే ట్యాంకు కన్నా కిందే పెట్టాలి. ఈ పంపులు తోయడంలో మొనగాళ్లు, పీల్చడంలో బలహీనులు. పెట్రోల్ కాక్ సన్నగా ఉంటే పంపు బుడగలు మింగుతుంది, పీడనం పడిపోతుంది. ఇంజిన్ వేడి తగిలే చోట పెడితే ఆవిరితో అదే గతి.

రిటర్న్ పైపును కూడా తక్కువగా చూడొద్దు. స్లో రన్నింగ్‌లో 350 సీసీ ఇంజిన్ తాగేది నిమిషానికి ఆరేడు మిల్లీలీటర్లు. కారు పంపు పెడితే అది నిమిషానికి లీటరు పైనే తోస్తుంది. మిగిలినదంతా పెట్రోలు పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ గుండా తిరిగి ట్యాంకుకు చేరాలి. అదే పెట్రోలు మళ్లీ మళ్లీ తిరిగి ట్యాంకును వేడెక్కిస్తుంది. అందుకే చిన్న మోటార్‌సైకిళ్ల కోసం చేసిన చిన్న పంపే వెతుక్కోండి, కరెంటూ కలిసొస్తుంది. రెండు వైపులా పెట్రోల్ కాక్‌లున్న ట్యాంకు అయితే ఒకదాన్ని రిటర్న్‌కు వాడుకోవచ్చు. లేదంటే ట్యాంకుకు వెల్డింగ్ చేయించాలి. ఖాళీ ట్యాంకే కదా అని ఎవరూ దానికి మంట చూపించకండి. ద్రవం పోయినా ఆవిరి ఉంటుంది, అదే పేలుతుంది. ట్యాంకు శుద్ధి చేసి వెల్డ్ చేయడం తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

ట్యాంకు లోపలి తుప్పు సంగతి మీకే తెలుసు. కార్బురేటర్ గిన్నె అడుగున చేరి ఊరుకునే ఆ పొడి, ఇంజెక్టర్ రంధ్రంలో ఇరుక్కుంటే బండి ఆగిపోతుంది. తుప్పు వదిలించి, పంపుకు ముందు ముతక జల్లెడ, తర్వాత సన్నటి ఫిల్టర్ పెట్టాలి.

క్రాంక్ ఎక్కడుందో చెప్పేదెవరు

ఎప్పుడు పెట్రోలు పోయాలో తెలియాలంటే క్రాంక్ ఏ కోణంలో ఉందో ఈసీయూకు తెలియాలి. చాలా బండ్లలో మాగ్నెట్ మీద ఒక ఎత్తు, దాని ఎదురుగా పల్సర్ కాయిల్ ఉంటాయి. తిరుగుడుకి ఒక్క సిగ్నల్. వేగంగా తిరిగేటప్పుడు ఇది చాలు. కిక్ కొట్టేటప్పుడు చాలదు. పెద్ద సింగిల్ సిలిండర్‌లో కంప్రెషన్ దగ్గర క్రాంక్ దాదాపు ఆగినంత పని చేసి, దాటాక దూకుతుంది. ఒక్క సిగ్నల్ మీద ఆధారపడ్డ ఈసీయూ మిగతా 360 డిగ్రీలూ అదే వేగమనుకుంటుంది. పన్నెండు పళ్లలో ఒకటి తీసేసిన చక్రం పెడితే ప్రతి 30 డిగ్రీలకూ కబురు వస్తుంది, ఖాళీ పన్ను స్థానం తెలుపుతుంది. మాగ్నెట్ చుట్టూ అలాంటి పళ్లు అమర్చడం లేత్ పని. చక్రం ఊగకుండా, సెన్సర్‌కూ పన్నుకూ మధ్య మిల్లీమీటరు సందు అంతటా సమానంగా ఉండాలి.

నా మొదటి మార్పిడిలో నన్ను ఏడిపించింది ఇదే. బండి స్టార్ట్ అయ్యేది, చక్కగా నడిచేది, మూడు వేల ఆర్‌పీఎం దాటగానే ఎవరో స్విచ్ ఆపినట్టు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకునేది. పెట్రోలు తక్కువని టేబుల్‌లో అంకెలు పెంచాను. ప్లగ్ నల్లబడింది తప్ప మార్పు లేదు. పదకొండో రోజు ఈసీయూ రాసిపెట్టిన లాగ్‌ను సెకను సెకనుగా సాగదీసి చూస్తే, ఆగిన ప్రతిసారీ ఆర్‌పీఎం గీత నిటారుగా సున్నాకు పడి లేచింది. ఇంజిన్ అంత త్వరగా ఆగి తిరగలేదు కదా. తిరుగుతూనే ఉంది, ఈసీయూకే లెక్క తప్పుతోంది. సెన్సర్ వైరును ప్లగ్ వైరు పక్కనే జిప్ టై వేసి కట్టింది నేనే. ప్లగ్ క్యాప్ కూడా రెసిస్టర్ లేని పాత రకం. ప్రతి స్పార్క్‌కూ సెన్సర్ వైరులో ఒక దొంగ పన్ను పుట్టేది. 5 కిలో ఓమ్‌ల క్యాప్ వేసి, షీల్డ్ ఉన్న వైరును ఫ్రేమ్ అవతలి వైపు నుంచి తెచ్చి, ఆ షీల్డ్‌ను ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేశాక ఆ జబ్బు మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ట్యూనింగ్‌కు ముందు ఆర్‌పీఎం గీత శుభ్రంగా ఉందో లేదో చూడకుండా ఒక్క అంకె కూడా ముట్టుకోను.

ట్యూనింగ్

మొదట పెట్రోలు ఒక్కటే ఈసీయూకు అప్పగించండి. స్పార్క్‌ను పాత పద్ధతిలోనే నడవనివ్వండి. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు ఎటు వైపు ఉందో తెలియదు, పైగా టైమింగ్ తప్పితే పిస్టన్‌కే ముప్పు.

కొలవడానికి వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ కావాలి. మామూలు నారోబ్యాండ్ 14.7కి ఇటు ఉందా అటు ఉందా అని మాత్రమే చెబుతుంది, ఎంత దూరంలో ఉందో చెప్పదు. సెన్సర్‌ను బెండ్ పైపు మీద అడ్డంగా కాకుండా కనీసం పది డిగ్రీలు పైకి వాల్చి బిగించాలి. లేకపోతే చల్లటి పైపులో చేరిన నీటి చుక్క వేడి సెన్సర్‌ను పగలగొడుతుంది.

దాని మాటను గుడ్డిగా నమ్మకూడదు కూడా. అది కొలిచేది ఆక్సిజన్‌ను, పెట్రోలును కాదు. ఒక స్పార్క్ తప్పితే మండని గాలంతా బయటికొచ్చి లీన్ అని చూపిస్తుంది. అది చూసి పెట్రోలు పెంచితే స్పార్క్ ఇంకా తప్పుతుంది. సైలెన్సర్ జాయింట్ లీకైనా, పైపు మరీ పొట్టిగా ఉండి స్లో రన్నింగ్‌లో బయటి గాలి వెనక్కి వచ్చినా ఇదే మోసం.

పదహారు వరసలు, పదహారు నిలువులు ఉండే టేబుల్‌లో 256 గడులుంటాయి. అన్నీ నింపాలని కంగారు వద్దు, బండి రోజూ తిరిగేది వాటిలో నలభై యాభైలోనే. నిలకడ వేగంతో నడుపుతూ వాటిని సరిచేసుకోండి, మిగతావి చుట్టుపక్కల అంకెలను బట్టి నున్నగా కలపండి. అది కుదిరాకే థ్రాటిల్ ఒక్కసారిగా తిప్పినప్పుడు వచ్చే తడబాటు జోలికి వెళ్లాలి. చల్లిన పెట్రోలులో కొంత ఇన్‌టేక్ గోడకు అంటుకుంటుంది కాబట్టి ఆ క్షణంలో అదనంగా పోయాలి. కార్బురేటర్‌లో పంపు, స్లైడు కలిసి చూసుకున్న పని ఇది.

ఫ్రేమ్‌కు గానీ ట్యాంకుకు గానీ రంపం తగిలించే ముందు మీ రిజిస్ట్రేషన్, కాలుష్య నిబంధనలు ఇలాంటి మార్పును ఒప్పుకుంటాయో లేదో కనుక్కోండి. విప్పిన కార్బురేటర్‌ను శుభ్రం చేసి, గిన్నె ఆరబెట్టి, రబ్బరుతో సహా డబ్బాలో పెట్టుకోండి.

అన్నిటికన్నా ఆలస్యంగా కుదిరేది చల్లటి స్టార్ట్. కిక్ కొట్టేటప్పుడు ఎంత పోయాలి, అందుకున్నాక మొదటి పది సెకన్లలో ఎంత, ఇంజిన్ వేడెక్కే కొద్దీ ఎలా తగ్గించాలి, ఈ మూడింటికీ వేర్వేరు పట్టికలున్నాయి. కానీ రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీకు రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. పొద్దున్నే ల్యాప్‌టాప్ తగిలించి, ఒక్క అంకె మార్చి, ఒక్క కిక్ కొట్టి, ఏమైందో రాసుకోవాలి. అది తప్పయితే మళ్లీ మర్నాడు పొద్దున్నే.